తిరువయ్యారుకు ముగ్గురు పెద్దవాళ్లం: కారులో ఎంత దూరం, రైలులో ఎంత దూరం?

చిత్తూరు టీచరమ్మ

అందరికీ నమస్కారం. మేము చిత్తూరులో, కట్టమంచి దగ్గర ఉంటాం. ముగ్గురం కలిసి తిరువయ్యారు వెళ్లాలనుకుంటున్నాం. నాకు 66 ఏళ్లు, హైస్కూలులో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మావారికి 71. మా వదినకు, అంటే మావారి అక్కగారికి, 74.

ఈ ప్రయాణం అసలు వదినది. ఆమె నలభై ఏళ్లు మా ముందు గదిలో పిల్లలకు సంగీతం చెప్పింది. సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు వాళ్లు చాప మీద కూర్చుని సరళీ వరుసలు పాడుతుంటే నేను పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. త్యాగరాజస్వామి కృతులు ఎంతమంది నోట పలికించిందో లెక్క లేదు. తిరువయ్యారులో ఉన్న ఆయన సమాధి మాత్రం ఇంతవరకు చూడలేదు. మొదట మా మామగారికి పక్షవాతం వచ్చింది, ఏడేళ్లు ఆమే చూసుకుంది. తర్వాత నేను బడికి వెళితే మా పిల్లలిద్దరినీ ఆమే పెంచింది. ఆ తర్వాత మోకాళ్లు అడ్డం వచ్చాయి. ఇంక వాయిదా వేస్తే నేను క్షమించుకోలేను.

రెండేళ్ల కిందట ఆమె కుడి మోకాలికి కీలు మార్పిడి జరిగింది. ఎడమది ఇంకా నొప్పే. చేతికర్రతో సమంగా ఉన్న నేల మీద పది నిమిషాలు నడవగలదు, తర్వాత కాసేపు కూర్చోవాలి. మెట్లు నెమ్మదిగా ఎక్కుతుంది, దిగడమే కష్టం. షుగరు ఉంది కాబట్టి మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా భోజనం పడాలి.

పోయిన ఏడాది ఒక టూరు బస్సులో వెళ్లాం. నాలుగు రోజుల్లో పద్నాలుగు గుళ్లు. తెల్లవారుజామున నాలుగున్నరకే బస్సెక్కించేవారు. మూడో రోజు వదిన దిగలేకపోయింది. కిటికీలోంచి గోపురానికి దణ్ణం పెట్టుకుని, "మీరు వెళ్లిరండి, నావల్ల అందరికీ ఆలస్యం కాకూడదు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఈసారి ఆమె నడక ఎంతో ప్రయాణం అంతే ఉండాలని పట్టుబట్టాను.

చిక్కు ఎక్కడంటే, మావారికి కారు నడపడం ఇష్టం. తంజావూరు దాకా సుమారు 350 కిలోమీటర్లు తానే నడుపుతానంటారు. కిందటేడు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. పగలు చక్కగా నడుపుతారు కానీ రాత్రి ఎదురు దీపాలు చూడలేరు. పిల్లలేమో బెంగళూరు నుంచి ఫోను చేసి, డ్రైవరుతో పెద్ద కారు మాట్లాడుకోమంటున్నారు. వదినకు రైలు కావాలి, కిటికీ పక్కన కూర్చుని కావేరిని చూస్తూ వెళ్లాలని. ముగ్గురి మాటా నిలబెట్టే దారి ఏదైనా ఉందా?

రోజుల గురించి తొందర లేదు. సంక్రాంతి తర్వాత పది పన్నెండు రోజులు తీసుకోగలం. చిత్తూరు వాళ్లం కనుక తమిళం మాట్లాడతాం, చదవడం మాత్రం రాదు. పెద్దవాళ్లను తీసుకెళ్లి వచ్చినవారు, ఆ ఊళ్లు తెలిసినవారు చెప్పండి.

అలిపిరి వాసి

అమ్మా, మీ ప్రశ్న చదివాక మా అమ్మానాన్నలతో చేసిన ప్రయాణం గుర్తొచ్చింది. వాళ్లకు అప్పుడు 75, 70. నేను చేసిన తప్పు ముందు చెబుతాను. తిరుపతిలోనే కారు మాట్లాడుకుని కుంభకోణం దాకా అదే కారులో తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడు దారి అంతా ఒక్క రోజులో లాగించాం. మధ్యలో రెండు సార్లే దిగాం. సాయంత్రానికి నాన్న పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. అక్కడ మూడు రోజులు కారు సత్రం ముందు ఊరికే నిలబడి ఉంటే, తిరిగినా తిరగకపోయినా రోజుకు ఇన్ని కిలోమీటర్లని లెక్క, డ్రైవరు బత్తా, రాత్రి బస. రాష్ట్రం దాటినందుకు పర్మిట్ పన్ను వేరే. ఇంత ఖర్చుపెట్టి వాళ్లకు నేను కొన్నది వీపు నొప్పి.

రెండోసారి మార్చాను. దూరం అంతా రైలుకు వదిలేశాను, దిగిన ఊళ్లో మాత్రం అక్కడి కారు పూటకు మాట్లాడుకున్నాను. ఆ ఊరి డ్రైవరుకు ఏ గుడికి ఏ వైపు ద్వారం దగ్గరో, ఎక్కడ ఆపితే నడక తగ్గుతుందో తెలుసు. మన ఊరి డ్రైవరుకు అది తెలియదు, ఎంత మంచివాడైనా సరే.

మీ విషయంలో నాకు తోచింది ఇది. మీ వారిని చిత్తూరు నుంచి అరుణాచలం (తిరువణ్ణామలై) దాకా నడపనివ్వండి. వేలూరు మీదుగా సుమారు 120 కిలోమీటర్లు. ఉదయం టిఫిన్ చేసి ఎనిమిదికి బయలుదేరి, గంటకోసారి ఆగుతూ వెళ్లినా భోజనం వేళకు చేరతారు. ఆయన మాట నిలబడుతుంది, రాత్రి దీపాల బెడద ఉండదు. కారును అక్కడే బస చేసిన చోట వదిలి, ముందుకు రైలులో వెళ్లండి. తిరిగి వచ్చి కారు తీసుకుని పగటి వేళ ఇంటికి చేరండి. వారం రోజులు కారు ఉంచుకుంటారా అని గది తీసుకునే ముందే అడగండి. తిరుగు ప్రయాణంలో ఒక రాత్రి మళ్లీ అక్కడే ఉంటామంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

దారిలో వేలూరు పక్కన శ్రీపురం బంగారు గుడి చూద్దామని ఎవరైనా అంటారు. అందులో నక్షత్రం ఆకారంలో వేసిన నడక దారి దాదాపు కిలోమీటరున్నర పైనే ఉంటుంది. పది నిమిషాలకోసారి కూర్చోవాల్సిన మనిషికి అది రోజంతటి శ్రమ. దాన్ని ఈసారికి విడిచిపెట్టండి.

అరుణాచలంలో పున్నమి, శని, ఆదివారాలు తప్పించండి. ఈమధ్య మన తెలుగువాళ్ల రద్దీ బాగా పెరిగింది. మంగళవారమో బుధవారమో చేరితే ఊపిరి తీసుకునే చోటు ఉంటుంది. 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ ఆటోలో కూడా చేయవచ్చు. ఒక్కొక్క లింగం దగ్గర ఆపించుకుని, కాస్త కూర్చుని, మళ్లీ ఎక్కి. మా అమ్మ అలా నాలుగు గంటలు చేసింది. నడిచి చేసినవాళ్ల కంటే తక్కువ పుణ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నేను ఊరుకోను. రమణాశ్రమంలో ఉండాలంటే చాలా ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి. గది దొరకకపోయినా ఆ పాత హాలులో ఒక గంట నిశ్శబ్దంగా కూర్చోండి.

గది గురించి ఒక మాట, ఇది నేను ఎంత చెప్పినా తక్కువే. గదికి ఏసీ ఉందా, టీవీ ఉందా అని కాదు, స్నానాల గది ఫొటో పంపమని అడగండి. వెస్ట్రన్ టాయిలెట్ ఉండాలి. గదికీ స్నానాల గదికీ మధ్య గట్టు ఎంత ఎత్తుందో చూడండి. మేము దిగిన ఒకచోట అది ముంగాలి సగం దాకా ఉంది. రాత్రి పూట అమ్మ దాన్ని దాటిన ప్రతిసారీ నేను లేచి నిలబడ్డాను. లోపల కూర్చుని స్నానం చేయడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగితే ఇస్తారు. కింది అంతస్తు దొరికితే సరే, లేకపోతే లిఫ్టు ఉందా అని మాత్రమే కాదు, లిఫ్టు దాకా ఎన్ని మెట్లున్నాయని అడగండి.

పాకాల జంక్షన్

నమస్కారం టీచరమ్మగారూ. నేను రైల్వేలో 36 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ కాలం టికెట్ కౌంటరులోనే. రైలు సంగతి నాకు వదలండి.

తిరుపతి నుంచి మన పాకాల, చిత్తూరు, కాట్పాడి, అరుణాచలం మీదుగా రామేశ్వరం వెళ్లే బండి ఉంది. తిరుచ్చిలో దిగవచ్చు. మన్నార్‌గుడి వెళ్లేది ఇంకొకటి ఉంది. రెండూ రోజూ ఉండవు, వారంలో కొన్ని రోజులే. నేరుగా పోతుంది కదా అని చాలామంది వాటినే పట్టుకుంటారు. పెద్దవాళ్లకు నేను చెప్పేది వేరు. బండి ఎక్కే గంట కాదు, దిగే గంట చూడండి. కొత్త ఊళ్లో రాత్రి పొద్దుపోయాక దిగి, చీకట్లో కారు వెతుక్కుంటూ, ఆకలితో, షుగరు ఉన్న మనిషితో ఉండకూడదు. పగలు ఎక్కి పగలు దిగాలి.

మీకు తగిన బండి చోళన్ ఎక్స్‌ప్రెస్. చెన్నై ఎగ్మూరు నుంచి తిరుచ్చికి పగటి పూట నడుస్తుంది. విల్లుపురంలో ఉదయం పూట ఎక్కితే చిదంబరం, మాయవరం (మైలాడుతురై), కుంభకోణం మీదుగా మధ్యాహ్నానికి తంజావూరులో దించుతుంది. సుమారు 190 కిలోమీటర్లు. అరుణాచలం నుంచి విల్లుపురానికి 65 కిలోమీటర్ల లోపే, అక్కడి కారులో గంటన్నర. తిరుగు ప్రయాణంలోనూ అదే బండి పగలే ఉంది. గంటలు టికెట్ కొనే రోజున ఒకసారి సరిచూసుకోండి, రైల్వే టైములు మారుతుంటాయి.

మీ వదినగారికి కావలసింది ఈ దారిలోనే ఉంది. చిదంబరం దాటాక బండి కొళ్లిడం వంతెన మీదుగా వెళుతుంది. అంత వెడల్పు చూసి చాలామంది ఇదే కావేరి అనుకుంటారు. శ్రీరంగానికి పైన కావేరి నుంచి విడిపోయిన పాయే అది. అసలు కావేరి మాయవరం చేరే ముందు వస్తుంది. అక్కడికి ఆమె చాలా సన్నబడిపోయి ఉంటుంది, కన్ను మూసి తెరిచేలోగా దాటిపోతారు. వైదీశ్వరన్‌కోయిల్ స్టేషను దాటగానే వదినగారిని కిటికీ దగ్గర సిద్ధంగా ఉండమనండి. జనవరి నెలాఖరులో ఆ దారంతా సాంబా వరి కోతలు. ఒక మడిలో పసుపు, పక్క మడిలో కొయ్యకాళ్లు.

ఇక టికెట్. 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరుస్తారు, ఇదివరకు 120 ఉండేది. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆగింది, మళ్లీ రాలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్లకు సగం, మగవాళ్లకు నూటికి 40 తగ్గేది. రాయితీ పోయింది కానీ కింది బెర్తుల కోటా ఉంది, దాన్ని వాడుకోండి. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు అది వర్తిస్తుంది. అయితే ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే. ముగ్గురి పేర్లూ ఒకే టికెట్‌లో రాస్తే ఆ కోటా పోతుంది. నా కౌంటరు దగ్గర ఎంతమంది కుటుంబమంతా ఒకటే టికెట్ కావాలని పట్టుబట్టి, పై బెర్తు వచ్చిన తాతగారిని చూసి బాధపడ్డారో! మీరు రెండు టికెట్లు తీసుకోండి. మీరూ వదినగారూ ఒకదానిలో, మీ వారు మరోదానిలో. వరుసగా ఒకేసారి చేయిస్తే ఒకే పెట్టెలో రావడానికి అవకాశం ఎక్కువ. పగటి ప్రయాణమే అయినా బెర్తులున్న పెట్టె తీసుకోండి. నొప్పి ఎక్కువైతే ఒక మనిషి కాళ్లు చాపుకోవచ్చు. మధ్య బెర్తు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకే వేయాలని నియమం, పగలు ఎవరైనా వేసి పడుకుంటే మర్యాదగా చెప్పి దింపించవచ్చు.

విల్లుపురం పెద్ద జంక్షను. ప్లాట్‌ఫారం మారాల్సి వస్తే వదినగారికి వంతెన మెట్లు కష్టం. అరగంట కాదు, గంట ముందు చేరండి. స్టేషను మేనేజరు గదికి వెళ్లి చక్రాల కుర్చీ అడగండి. కూలీ కుర్చీ తోసి, సామాను ఎక్కించి, సీటు దాకా తీసుకెళ్లేలా ముందే డబ్బు మాట్లాడుకోండి. పెట్టె ఎక్కడ ఆగుతుందో బోర్డులో చూసి సరిగ్గా అక్కడే కూర్చోండి. బండి వచ్చాక ప్లాట్‌ఫారం మీద పరుగెత్తడం అనే పని మీ ప్రయాణంలో ఉండకూడదు. సందేహం వస్తే రైల్వే సహాయ నంబరు 139కి ఫోను చేయండి.

ఒక్క పాత సంగతి. విల్లుపురం నుంచి మా పాకాల మీదుగా ధర్మవరం దాకా ఒకప్పుడు ఒకే మీటర్ గేజి దారి. మీరు కారులో వెళ్లే అరుణాచలం దారి పక్కనే ఆ పట్టాలు ఇప్పుడు బ్రాడ్ గేజిగా ఉన్నాయి. నా మొదటి డ్యూటీ ఆ దారి మీదే.

చిత్తూరు టీచరమ్మ

ఇంత శ్రద్ధగా రాసినందుకు ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పాకాల అన్నగారూ, కొళ్లిడం మాట వదినకు చదివి వినిపించాను. "వైదీశ్వరన్‌కోయిల్" అని చిన్న కాగితం మీద రాసి కళ్లజోడు పెట్టెలో దాచుకుంది.

మావారు అరుణాచలం దాకా నడపడానికి ఒప్పుకున్నారు. మొదట ముఖం చిన్నబుచ్చుకున్నారు, తర్వాత ఆయనే కారు టైర్లు చూపించి వచ్చారు.

ఇప్పుడు అసలు ప్రశ్న తిరువయ్యారు గురించి. ఈసారి అక్కడ జరిగే త్యాగరాజస్వామి ఆరాధన సంక్రాంతికి ముందే వస్తోంది. ప్రయాణం ముందుకు జరిపి ఆ రోజుకే వెళ్లాలా, లేక తర్వాత నిదానంగా వెళ్లాలా? వదినను అడిగితే "మీ ఇష్టం" అంటుంది. ఆమె ఎప్పుడూ అలాగే అంటుంది, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

తిరుపతి వీణ

ఆరాధనకే తీసుకెళ్లండి అమ్మా. నేను తిరుపతిలో సంగీతం నేర్చుకుని రెండుసార్లు వెళ్లాను. పుష్య బహుళ పంచమి నాటి ఉదయం వందల మంది ఒక్క గొంతుతో పంచరత్న కృతులు పాడుతుంటే, ఎదురుగా స్వామి సన్నిధి. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి ఆ గుంపులో కూర్చుని పాడాలి. అది ఇంకే రోజూ దొరకదు. కష్టమైనా సరే ఒక్కరోజు ఓర్చుకోవచ్చు.

కావేరి గట్టు

టీచరమ్మగారూ, నేను పుట్టింది మదనపల్లె దగ్గర, పెళ్లయి కుంభకోణం వచ్చి 31 ఏళ్లు. ఆరాధన ఎన్నోసార్లు చూశాను. వీణ గారి మాటలో తప్పు లేదు, ఆ నాదం విన్నవాళ్లు మరిచిపోలేరు. కానీ మీ వదినగారి మోకాళ్లతో అది వద్దని చెబుతాను. కూర్చోవాల్సింది కింద, ఒత్తుగా, గంటల తరబడి. మధ్యలో లేచి బయటికి రావాలంటే పదుల మందిని దాటాలి. ఆ వారంలో తంజావూరులో కింది అంతస్తు గది దొరకడం కూడా కష్టం. పది నిమిషాలకోసారి కూర్చోవాల్సిన మనిషికి లేవడం కూడా చేతిలో ఉండాలి. ఆ ఉదయం రేడియోలో, టీవీలో ప్రత్యక్ష ప్రసారం వస్తుంది. ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చుని పాడనివ్వండి. పది రోజుల తర్వాత, ఊరు ఖాళీ అయ్యాక, సన్నిధికి తీసుకురండి.

అయితే ఫిబ్రవరికి మాత్రం జరపకండి. దీనికి కారణం బయటివాళ్లకు తెలియదు. మా డెల్టాకు నీళ్లు మెట్టూరు ఆనకట్ట నుంచి వస్తాయి. ఆనవాయితీ ప్రకారం జూన్ 12న వదిలి జనవరి 28న ఆపుతారు. ఆపిన తర్వాత కొన్నాళ్లకే తిరువయ్యారు దగ్గర కావేరి ఇసుకగా మారిపోతుంది. రైలు కిటికీలోంచి కావేరిని చూడాలన్న మనిషిని ఎండిన ఇసుక దగ్గరికి తేకండి. సంక్రాంతి రద్దీ తగ్గాక, 20వ తేదీ ప్రాంతంలో తంజావూరు చేరితే రెండూ కలిసొస్తాయి. 26వ తేదీ సెలవుల జనం రాకముందే తిరువయ్యారు చూసేయండి.

తంజావూరులోనే నాలుగు రాత్రులు ఉండండి, రోజుకో ఊరికి గది మార్చకండి. తిరువయ్యారు 13 కిలోమీటర్లే. పేరులోనే ఉన్న అయిదు నదుల్లో కొన్నిటిని ఆ చిన్న దారిలో వంతెనల మీద దాటుతారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, చివరికి కావేరి. డ్రైవరును ప్రతి వంతెన మీదా నెమ్మదించమనండి. రెండుసార్లు వెళ్లండి, ఒకసారి ఉదయం, ఒకసారి సాయంత్రం. మొదటిసారి చూడటానికి, రెండోసారి ఊరికే కూర్చోవడానికి.

సమాధి మండపం చిన్నది, మెట్ల బాధ అంతగా లేదు. స్వామి 1847 జనవరిలో సిద్ధి పొందిన తర్వాత చాలాకాలం ఆ చోటు పట్టించుకునేవారు లేక పొదల్లో మునిగిపోయింది. దాన్ని బాగు చేయించి, తన సొత్తు పెట్టి గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మగారు. అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్లను పాడనిచ్చేవారు కాదు. ఆమె ఆడవాళ్లతోనే వేరే ఆరాధన నడిపి, చివరికి అందరూ కలిసి పాడే రోజు తెచ్చారు. 1952లో ఆమె పోయాక సమాధి స్వామి ఎదురుగానే కట్టారు, ఆయన్ను చూస్తున్నట్టు విగ్రహం ఉంటుంది. సంగీతం చెప్పి బతుకంతా ఇంటికే ధారపోసిన మీ వదినగారికి ఆమె ముందు కూడా ఒక నిమిషం నిలబడాలనిపిస్తుంది. నాకు ఎప్పుడూ అక్కడే కళ్లు చెమరుస్తాయి.

నది ఒడ్డున మెట్ల మీదికి దిగకండి, పాచి ఉంటుంది. పుష్య మండపం రేవు దగ్గర నీడలో కూర్చుంటే నీళ్లు కనిపిస్తాయి. తిరుమంజన వీధిలో స్వామి నివసించిన ఇంటి స్థలం ఉంది, అక్కడికి ఆటోలో రండి.

మా వైపు గుళ్లు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకు మూస్తే మళ్లీ నాలుగుకే తెరుస్తారు. తెలియనివాళ్లు దాన్ని విసుక్కుంటారు. మీకు అది వరం: భోజనం, మాత్ర, రెండు గంటల నిద్ర. తంజావూరు పెద్ద గుడికి సాయంత్రం అయిదుకు వెళ్లండి. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేసిన ఆ విమానం 200 అడుగులు దాటి ఉంటుంది, సాయంత్రపు ఎండ పడితే రాయి తేనె రంగుకు మారుతుంది. పగలు ఆ నేల మీద కాలు పెట్టలేరు. అందుకని వదినగారికి జారని మేజోళ్లు ఒక జత తీసుకోండి. ఆవరణ చాలా పెద్దది, అంతా చుట్టాలనుకోకండి. నంది దాటాక పచ్చిక దగ్గర కూర్చుంటే చాలు.

మీరు తెలుగు చెప్పినవారు కనుక ఒకటి మీకోసం. కోట లోపల సరస్వతీ మహలు గ్రంథాలయంలో మన తాళపత్రాలు ఉన్నాయి. రఘునాథ నాయకుడి కాలంలో ఈ ఊరి సభలో తెలుగే వెలిగింది. మావాళ్లు తంజావూరు అంటే తలాడించే బొమ్మ అనుకుంటారు. మీరు ఒక పూట అక్కడ గడపండి, ఆ వేళ వదినగారిని గదిలో విశ్రాంతి తీసుకోమనండి.

నర్సమ్మ, తిరుపతి

ఎముకల వార్డులో పనిచేస్తాను. కొద్దిగా చెబుతాను. కారులో వదినగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, సీటు వెనక్కి జరిపి. ముందు కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. ఒక కాలు పెట్టి వంగి దూరకూడదు. గంటకోసారి దిగి అయిదు నిమిషాలు నడవాలి, కూర్చున్నప్పుడు కూడా మడమలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే పెద్దవాళ్లను చాలామందిని చూస్తాను. దయచేసి ఆ పని చేయనివ్వకండి. మాత్రలు ప్రయాణం రోజులకంటే అయిదు రోజులకు ఎక్కువ తీసుకుని సగం ఒక సంచిలో, సగం ఇంకో సంచిలో పెట్టండి. చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకోండి. అక్కడ వేరే కంపెనీది దొరుకుతుంది. ఇన్సులిన్ అయితే కారు డాష్‌బోర్డు మీద పెట్టవద్దు. బయలుదేరే ముందు ఆమెను చూసే డాక్టరుకు ఒకసారి చూపించి మీ ప్రయాణం సంగతి చెప్పండి.

తిరుపతి వీణ

కావేరి గట్టు గారి మాట ఒప్పుకుంటున్నాను. నేను ఇరవైల్లో వెళ్లాను, మోకాళ్ల గురించి ఆలోచించలేదు. టీచరమ్మగారూ, ఒక్క కోరిక. సన్నిధిలో వదినగారిని పాడనివ్వండి. మామూలు రోజుల్లో ఎవరైనా కూర్చుని పాడుకోవచ్చు, ఎవరూ వారించరు. నేను ఒకసారి అలా పాడాను.

చిత్తూరు టీచరమ్మ

టికెట్లు అయ్యాయి. రిజర్వేషన్ తెరిచిన రోజే మా అబ్బాయి బెంగళూరు నుంచి రెండు టికెట్లుగా చేశాడు. నాకూ వదినకూ కింది బెర్తులు, మావారికి అదే పెట్టెలో రెండు వరుసల అవతల. పాకాల అన్నగారి పుణ్యం.

మంగళవారం చిత్తూరు నుంచి కారులో అరుణాచలం. అక్కడ రెండు రాత్రులు. బస చేసేచోట కారు ఉంచుకుంటామన్నారు, స్నానాల గది ఫొటో కూడా పంపారు. గట్టు రెండంగుళాలే ఉంది. గురువారం ఉదయం అక్కడి కారులో విల్లుపురం, చోళన్‌లో తంజావూరు. తంజావూరులో నాలుగు రాత్రులు. తిరువయ్యారు మొదటిసారి శుక్రవారం ఉదయం, రెండోసారి శనివారం సాయంత్రం. ఆదివారం ఏమీ లేదు, కావాలనే ఏమీ పెట్టలేదు. సోమవారం మళ్లీ పగటి బండిలో వెనక్కి, అరుణాచలంలో ఒక రాత్రి, మంగళవారం భోజనం వేళకు ఇల్లు. ఎనిమిది రోజులు. పన్నెండు అనుకున్నాం కానీ గదులు మార్చడం తగ్గిస్తే ఇంతే సరిపోయింది. సంచిలో బొరుగులు, వేరుశనగ ఉండలు, వదిన కోసం ఉప్పు బిస్కెట్లు.

ఆరాధన రోజున వదిన శిష్యులు ముగ్గురు మా ఇంటికి వస్తామన్నారు. టీవీ పెట్టుకుని ముందు గదిలో అందరూ కలిసి పాడతారట. ఒకమ్మాయి ఇప్పుడు మదనపల్లెలో టీచరు. చాప వద్దు, కుర్చీలు వేయిస్తున్నాను.

నాగరత్నమ్మగారి సంగతి చదివి వినిపించాక వదిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెట్టెలోంచి పట్టుచీర ఒకటి తీసి ఎండలో వేయించింది. పాడతావా అని అడిగితే "గొంతు లేస్తుందో లేదో" అంది. నాలుగు రోజులుగా తెల్లవారుజామున ఆమె గదిలోంచి శ్రుతి పెట్టె వినిపిస్తోంది. టిఫిన్ అయ్యాక మా వీధిలో పది నిమిషాలు నడుస్తుంది, కూర్చుంటుంది, మళ్లీ పది నిమిషాలు నడుస్తుంది. మావారు మడత కుర్చీ పట్టుకుని పక్కనే వెళుతున్నారు.